మూడు హాలీ రూపాయల సీటు

మా ఆయన రామలింగయ్యకు లోకంలో ఏ వస్తువు ధరా రూపాయల్లో అర్థం కాదు. చార్‌కమాన్‌లో మూడు తరాల బంగారం దుకాణం మరి. ఇంటికి ఫ్రిజ్ వస్తే అర తులం ఫ్రిజ్ అంటాడు. మా అబ్బాయి అభిషేక్ పెళ్లి భోజనాలు పన్నెండు తులాలు. నాకు పిత్తాశయం ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని, తులమున్నర పోయిందని నిట్టూర్చాడు. మనిషి దక్కింది కదా సార్ అని నర్సమ్మ అంటే, అదీ ఒక లెక్కే అన్నట్టు తలూపాడు. ఎదురుగా ఉన్నప్పుడు ఆయన్ను మర్యాదగానే పిలుస్తాను. ఈ కథ చెప్పేటప్పుడు ఆ మర్యాద నా వల్ల కాదు.

ఆయనకు దుకాణం కాక ఒక బడి కూడా ఉంది. యాకుత్‌పురా స్టేషన్‌కు పోయే గల్లీలో, నర్సరీ నుంచి యూకేజీ దాకా. పేరు గుండయ్య గ్లోబల్ కిడ్స్. గ్లోబు ఒకటి ఆఫీసు బల్ల మీద ఉన్న మాట నిజమే, దాని మీద ఆయన తన తలపాగా పెడతాడు.

గుండయ్య అంటే మా ఆయన తాత. 1950లో పైఅంతస్తు గది కిరాయికి పోక ఖాళీగా పడి ఉంటే, అందులో చాపలు పరిచి, ఒక పంతులును, ఒక ఆయాను పెట్టి చిన్నపిల్లల బడి తెరిచాడు. ఫీజు నెలకు మూడు హాలీ రూపాయలు. హాలీ అంటే నిజాం కాలపు సిక్కా, అప్పటికింకా ఇక్కడి బజారులో చెల్లేది. ఇప్పుడు ఆ కథను ఎలా చెప్తారంటే, గుండయ్యగారు బీదవాళ్ల కోసం కేవలం మూడంటే మూడు రూపాయలకు జ్ఞానదీపం వెలిగించారట. మా అత్తగారు ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఆ దీపాన్ని దగ్గర నుంచి చూసిన మనిషి. ఆ రోజుల్లో హమాలీ నెలంతా బస్తాలు మోస్తే ఇరవై రూపాయలు వచ్చేవని, అందులో మూడు రూపాయలు ఒక్క పిల్లవాడి అక్షరాలకు తీసి ఇవ్వడమంటే ఇంట్లో పొయ్యి కొన్ని పూటలు ఆర్పుకోవడమేనని ఆమె చెప్పేది. కట్టలేని వాళ్లు ఇత్తడి బిందె పట్టుకుని వచ్చేవారట. కింద అంతస్తులో గుండయ్యగారి తాకట్టు దుకాణం. పైన ఫీజు, కింద వడ్డీ. మెట్లు ఒకటే.

కేవలం మూడు రూపాయలు అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పాతకాలంలో అన్నీ చవక అని చెప్పేవాళ్లు ఆ కాలపు కూలి ఎంతో ఎప్పుడూ చెప్పరు.

ఇప్పుడు ఎల్‌కేజీకి ఏడాదికి నలభై వేలు. పుస్తకాలు, బూట్లు, పసుపు రంగు దినానికి పసుపు చొక్కా, ఇవన్నీ వేరే. కొన్నేళ్ల క్రితం పద్దెనిమిది వేలు ఉన్నప్పుడు సీట్లు మిగిలిపోయేవి. మా ఆయన ఒక ఎండాకాలంలో గోడల మీద జిరాఫీలు వేయించి, వాకిట్లో ప్లాస్టిక్ గడ్డి పరిపించి, ఫీజు రెట్టింపు దాటించాడు. మరుసటి ఏడాది తల్లిదండ్రులు క్యూ కట్టారు. వీళ్లను చూసి జాలిపడాలో నవ్వాలో నాకు ఇప్పటికీ తెలియదు. టమాటాల బండి దగ్గర ఐదు రూపాయల కోసం అరగంట లొల్లి పెట్టుకునే మనుషులు, మూడేళ్ల పిల్లకు ఎరుపేదో పచ్చేదో చెప్పడానికి నలభై వేలు అడిగితే, వాయిదాల్లో కట్టొచ్చా సార్ అని మాత్రం అడుగుతారు. తక్కువకు దొరికితే అది నకిలీ చదువని వాళ్ల భయం. మా మనవడు శ్రవణ్ మాత్రం ఆ బడి గడప తొక్కలేదు. వాడు మూసీకి అవతల ఎక్కడో ఏసీ బస్సులో పోయి చదువుతాడు. ఏడాదికి మూడు తులాల చదువు.

ఇక నా సంగతి. బడి సొసైటీకి అధ్యక్షురాలిని నేనే. కాగితాల మీద మాత్రమే. మా వాళ్లలో ఆస్తులన్నీ ఆడవాళ్ల పేరు మీద ఉంటాయి, అధికారం ఒక్కటి తప్ప. చెక్కులు, రిజిస్టర్లు ఇంటికి వస్తాయి, వంటింటి గట్టు మీద పెట్టి సంతకాలు చేసి పంపుతాను. అవి తెచ్చేది బడిలో ఆయాగా పనిచేసే స్వరూప. దబీర్‌పురా స్టేషన్ వెనక ఒక గదిలో ఉంటుంది. భర్త డానియేలు ఇళ్లకు రంగులు వేస్తాడు, వానాకాలం వస్తే ఇంట్లో కూర్చుంటాడు. స్వరూప జీతం ఏడు వేల అయిదు వందలు. వాళ్ల బిడ్డ పూజితకు మూడున్నరేళ్లు. తల్లి రోజంతా ఊళ్లోవాళ్ల పిల్లల ముక్కులు తుడుస్తుంటే, ఆ పిల్ల పక్కింటి ముసలమ్మ దగ్గర టీవీ చూస్తూ పెరుగుతోంది. స్వరూపకు ఉన్నది ఒకటే కోరిక, తను ఊడ్చే గదిలో తన పిల్ల కూర్చోవాలని.

ఈ ఏడు బడికి డెబ్బై అయిదేళ్లు నిండాయి. మా ఆయన గేటు మీద పెద్ద బ్యానర్ కట్టించాడు. ఉత్సవాల సందర్భంగా ఒక చిన్నారికి ఎల్‌కేజీ సీటు తాతగారి నాటి ఫీజుకే, నెలకు మూడు రూపాయలకే అని. ఫలానా సోమవారం ఉదయం బడికి ముందుగా వచ్చిన వారికే అవకాశం. కార్పొరేటర్ బామ్మర్దిని తన పిల్లను తీసుకుని ఆ రోజు పెందలాడే రమ్మని లోపాయికారీగా చెప్పి ఉంచాడు. ఫొటోగ్రాఫర్‌ను పిలిపించాడు. అన్నీ ఆలోచించిన పెద్దమనిషి, పొద్దున్నే బడి గేటు తాళం ఎవరు తీస్తారో మాత్రం ఆలోచించలేదు.

తాళం తీసేది స్వరూప. ఆ సోమవారం ఎప్పటిలాగే వచ్చి తాళం తీసింది, ఊడ్చింది, నీళ్లు పట్టింది. తర్వాత చీర మార్చుకుని, గేటు బయటికి వెళ్లి, పక్కింటి ముసలమ్మ తీసుకొచ్చిన పూజిత చెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి వచ్చి, ఆఫీసు ముందు బెంచీ మీద మొదటి మనిషిగా కూర్చుంది. కార్పొరేటర్ బామ్మర్ది వచ్చేసరికి ఆమె వెనక ఇంకా పాతిక మంది ఉన్నారు. మా ఆయన ఆమెను పక్కకు పిలిచి, నువ్వు స్టాఫ్ కదా అన్నాడట.

"బ్యానర్ల స్టాఫ్ రావొద్దని రాయలే కద సార్" అందట స్వరూప.

చూద్దాం, రేపు చెప్తా అని అందర్నీ పంపించేశాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆయాకు జీతం చాలక పిల్ల చదువు కూడా పుకట్‌గా, ఉత్తపుణ్యానికి కావాలట అని గొణుగుతూనే ఉన్నాడు. తిన్నాక సోఫాలో కాళ్లు చాపుకుని క్యాలిక్యులేటర్ తీశాడు. కాసేపటికి ముఖం వెలిగిపోయింది. నన్ను పిలిచి మరీ వివరించాడు. తాత రోజుల్లో తులం నూట పది హాలీ రూపాయలు. ఫీజు ఏడాదికి ముప్పై ఆరు, అంటే తులంలో మూడో వంతు. ఇవాళ తులం లక్షా ఇరవై వేలు, అందులో మూడో వంతు నలభై వేలు. మన ఫీజు నలభై వేలు. డెబ్బై అయిదేళ్లలో మేము ఒక్క పైసా పెంచలేదు నాగమణీ అంటూ తొడ చరుచుకున్నాడు. మనిషి అంత సంతోషపడటం నేను కొడుకు పుట్టిన రోజు కూడా చూడలేదు.

మర్నాడు స్వరూపను పిలిచి ఆ లెక్కే చెప్పాడు. తాత ఫీజుకే సీటు ఇస్తాను, మాట మాటే, నలభై వేలు తీసుకుని రమ్మన్నాడు. ఆమె చెక్కుల పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి నాకు ఇదంతా చెప్పింది. ఏడవలేదు. కోపం కూడా చూపలేదు.

"బంగారం లెక్క నాకెర్కలే అమ్మా. నా చెవులకున్నయే గిల్టువి. డానియేలుకు కూలి బంగారంల ఇస్తున్నరా, నాకు జీతం బంగారంల ఇస్తున్నరా?"

 ఆ మాట నా బుర్రలో నిలిచిపోయింది.

ఉత్సవం చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో చేశారు. గుండయ్యగారి ఫొటోకు నిలువెత్తు దండ. ఇంత పొడుగు దండ ఆయన బతికుండగా వేస్తే, పూలు విడివిడిగా అమ్మి సొమ్ము చేసుకునేవాడు. పిల్లలు తేనెటీగల వేషాల్లో గెంతారు. తర్వాత మా ఆయన మైకు పట్టుకుని తన కొత్త ఆవిష్కరణ చెప్పాడు. తులం లెక్కన చూస్తే తమ ఫీజు ఏనాడూ పెరగలేదని, పెరిగింది బంగారమే తప్ప తాము కాదని అన్నాడు. హాలంతా చప్పట్లు. వాయిదాల కోసం సహకార బ్యాంకులో అప్పు చేసిన వాళ్లు, చెవుల జుంకాలు కుదువ పెట్టి పుస్తకాలు కొన్నవాళ్లు, వాళ్లే అందరికన్నా గట్టిగా కొట్టారు. తమ జేబు కోసినవాడు కోత ఎంత న్యాయంగా ఉందో వివరిస్తుంటే మెచ్చుకునే జనాన్ని నేను అక్కడే చూశాను.

చప్పట్లు వింటే మా ఆయనకు నోరు ఆగదు. తాతగారి ఉదారత్వం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లోనే పంతులుకు నెలకు నలభై రూపాయలు, ఆయాకు పదిహేను రూపాయలు, పైగా రెండు పూటలా భోజనం పెట్టేవారని గొప్పగా చెప్పాడు. పక్కన స్వరూప, మిగతా ఆయాలు చాయ్ ట్రేలు పట్టుకుని తిరుగుతున్నారు.

తర్వాత అధ్యక్షురాలు రెండు మాటలు మాట్లాడాలి. ఆ రెండు మాటలు ఏటా మా ఆయనే చీటీ మీద రాసిస్తాడు. చీటీ చేతిలోనే ఉంది. చదవబుద్ధి కాలేదు.

"మా ఆయన హిసాబ్ నాకు మస్తు నచ్చింది" అన్నాను. "ఫీజును బంగారంతోని తూచిండు. తాత పంతులుకు నలభై, ఆయాకు పదిహేను ఇచ్చేటోడని మీరంత గిప్పుడే విన్నరు. గదే తరాజుల జీతం పెడితే ఆయాకు నెలకు పదహారు వేల పైన, టీచరుకు నలభై మూడు వేల పైన పడుతది. ఫీజు మారలేదంటే జీతం గూడ మారొద్దు గద. అధ్యక్షురాలిగ చెప్తున్న, బడి తెరిచిన కాడికెల్లి గట్లనే ఇస్తం."

జనం దీనికీ చప్పట్లు కొట్టారు. వాళ్లకు మైకులో ఏది వచ్చినా ఒకటే. టీచర్లు మాత్రం కొట్టలేదు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. స్వరూప చాయ్ ట్రే బల్ల మీద పెట్టి నన్నే చూస్తూ నిలబడింది. చాలా ఏళ్ల తర్వాత నా మీద నాకు గౌరవం కలిగింది, దాచడం ఎందుకు.  ఇంట్లోకి వచ్చాక మా ఆయన, ఇజ్జత్ తీశావు అని ఒక్క మాట అని తలుపు వేసుకున్నాడు.

మర్నాడు టీచర్లు, ఆయాలు అందరూ ఆఫీసు ముందు నిలబడ్డారు. టీచర్లంటే డిగ్రీలు, బీఈడీలు చేసిన పిల్లలు, పన్నెండు వేలకు పనిచేస్తున్నారు. మా ఆయన కళ్లెత్తి చూడగానే అందరి చూపులూ జిరాఫీల మీదికి పోయాయి. అంత చదువుకుని ఒక్కరికీ గొంతు పెగల్లేదు. అడిగింది స్వరూపే. అమ్మ చెప్పినట్టు ఈ జూన్ నుంచేనా సార్ అని మామూలుగా అడిగింది. మా ఆయన గ్లోబు మీది తలపాగా తీసి పెట్టుకుని దుకాణానికి వెళ్లిపోయాడు. ఆ వారమంతా స్వరూప అడుగుతూనే ఉంది, ఆమె వెనక నిలబడే వాళ్లు పెరుగుతూనే ఉన్నారు. చివరికి టీచర్లు కూడా, జీతాల సంగతి తేలేదాకా కొత్త అడ్మిషన్ల పని ముట్టేది లేదన్నారు.

ఆదివారం చర్చి అయ్యాక స్వరూపను ఇంటికి పిలిపించాడు. సోఫాలో కూర్చోబెట్టాడు. మా ఇంట్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి, అందులోనే ఏదో ఉందని నాకు అర్థమైంది. బేరానికి వచ్చిన పెళ్లివారితో మాట్లాడినంత తియ్యగా మాట్లాడాడు. పూజితకు సీటు ఇస్తాడట, అచ్చంగా నెలకు మూడు రూపాయలకు, బంగారం లెక్కలేమీ లేకుండా. యూనిఫాం, పుస్తకాలు కూడా తనవే. ఆమె చేయాల్సిందల్లా సోమవారం అందరి ముందూ, నాకు ఇప్పుడున్న జీతమే చాలు, నేను అడగడం లేదు అని చెప్పడమే.

స్వరూప వెంటనే తలూపలేదు. యూకేజీ కూడా మూడు రూపాయలకేనా అని అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. ముందు పిల్ల పేరు రిజిస్టర్లో ఎక్కాలి, రసీదు చేతికి రావాలి, ఆ తర్వాతే ఏదైనా చెప్తానంది. దానికీ ఒప్పుకున్నాడు. అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొక్కటి. నలభై వేలు కట్టేటోళ్లకు ఆయా బిడ్డ పక్కన కూసున్నదని తెలిస్తే లొల్లి చేస్తరు. బడిల పిల్ల నిన్ను అమ్మా అనొద్దు. అందరి లెక్కనే ఆయమ్మా అనాలె. ఇంటికాడ ఏమన్న అననియ్యి."

 తాతైనా బిందెలే తాకట్టు పెట్టుకున్నాడు.

"స్వరూపా, ఒద్దు" అన్నాను. "పోయి అందరితోని కలిసి జీతం అడుగు. నేనున్న."

స్వరూప నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు, అందుకే తట్టుకోలేకపోయాను.

"మీరు మంచిగ మాట్లాడిండ్రు అమ్మా. మస్తు ధైర్యమొచ్చింది. గని ఇన్నేండ్ల సంది సంతకాలన్నీ మీయే. నా ఏడు వేల చెక్కు మీద గూడ మీదే. ఎన్నడన్న ఒక్కటి ఆపిండ్రా? గా జీతం ఎప్పుడొస్తదో, రానే రాదో. సీటు గిప్పుడొస్తున్నది."

 ఆమె లేచి, చెంగు సర్దుకుని, రసీదు రేపు పొద్దున్నే ఇవ్వండి సార్ అని చెప్పి మెట్లు దిగిపోయింది.

సోమవారం తొమ్మిదింటికి రసీదు ఇచ్చారు, పదింటికి స్వరూప అందరి ముందూ ఆ మాట చెప్పింది. అంతే, అందరూ విడిపోయారు. టీచర్లు ఆమెను అమ్ముడుపోయిందని తిట్టుకుంటూ ఎవరి రిజిస్టర్లు వాళ్లు తీశారు. ఆమె వెనక దాక్కుని నిలబడ్డ వాళ్లకు ఆమెను తిట్టేటప్పుడు మాత్రం గొంతులు బాగానే లేచాయి. ఆ మధ్యాహ్నం మా ఆయన చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. పెరుగు కలుపుకుంటూ నాకు చెప్పాడు.

"సాలుకు ముప్పై ఆరు రూపాయలు. గంతల అందరి జీతాలు ఆగినయి. తాత గూడ గింత చవక బేరం ఎన్నడు చెయ్యలే."

జీవితంలో మొదటిసారి ఆయన తను గెలిచిన బేరాన్ని రూపాయల్లో చెప్పాడు. తులాల్లోకి మారిస్తే కంటికి కనబడనంత తక్కువ మరి. నాకు ఆ మనిషి మీద అసహ్యం వేసింది. ఆ బేరానికి మైకు పట్టుకుని దారి చూపించింది నేనే కాబట్టి, ఉత్సవం రోజు కట్టిన నా పట్టుచీర మీద, నా రెండు మాటల మీద అంతకన్నా ఎక్కువ వేసింది.

జూన్‌లో బడి తెరిచారు. మొదటి రోజు అధ్యక్షురాలు కొబ్బరికాయ కొట్టాలి, వెళ్లాను. ఎల్‌కేజీ గదిలో ఏటా ఉండే గోలే. పిల్లలంతా గేటు వైపు చేతులు చాచి అమ్మా అమ్మా అని గుక్కపట్టి ఏడుస్తున్నారు. తల్లులు గేటు బయట సెల్‌ఫోన్లలో వీడియోలు తీసుకుంటున్నారు. కొత్త యూనిఫాంలో పూజిత కూడా ఏడుస్తోంది. ఎక్కిళ్ల మధ్య, ఇంట్లో నేర్పినట్టే, తప్పు పోకుండా, ఆయమ్మా ఆయమ్మా అని పిలుస్తోంది. ఆ గదిలో తల్లి ఎదురుగా ఉన్నది ఆ ఒక్క పిల్లకే. స్వరూప ముందు వరుసలో పిల్లల ముక్కులు తుడుచుకుంటూ వచ్చి, పూజిత వంతు వచ్చినప్పుడు దాని ముక్కు కూడా తుడిచి, ఆగకుండా పక్క పిల్లవాడి దగ్గరికి వెళ్లింది.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. పిల్ల తెలివైనదే, తొందరగా నేర్చుకుంది అన్నాడు.